ఏడో ప్రశ్న

ఏటా మే నెలలో ఫిజిక్స్ డే అంటూ, పిల్లల చేత రైడ్ల మీద లెక్కలు కట్టించడానికి ఒహాయో బడులన్నీ ఆ అమ్యూజ్‌మెంట్ పార్కు మీద పడతాయి. ఇరవై ఏళ్లుగా మారని ప్రశ్నల కాగితాన్నే హాల్వర్సన్ సారు ఈసారీ జిరాక్స్ తీసి పంచాడు. ఒక్కసారి చదివి చూద్దామన్న ధ్యాస ఎవరికుంది!

ఏడో ప్రశ్న: మనుషుల్ని పైకెత్తి ఒక్కసారిగా కిందికి వదిలే డ్రాప్ టవర్ ఎత్తు నలభై నాలుగు మీటర్లు. పైనుంచి జారిన వస్తువు నేలను తాకడానికి ఎంతసేపు పడుతుంది?

మారిట్ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. పోయిన అక్టోబరులో ఆ టవర్ పైన గ్రీజు పూస్తూనే పార్కు మెకానిక్ అయిన వాళ్ల నాన్న జారిపడ్డాడు. "రెప్పపాటులో అయిపోయింది బంగారం, నాన్నకేమీ తెలీనే లేదు," అని అమ్మ వందసార్లు చెప్పింది.

"ఏంటే లెక్కల రాణీ, ఏడోది తేల్చావా? మాకూ చూపించు!" అంటూ బ్రెట్ కాగితం లాగబోయాడు.

"చెయ్యి తియ్యరా!"

లెక్క కట్టింది. మూడు సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కి టవర్ పైకి చూసింది. ఆ మూడు సెకన్లలో "నాన్నా, నాన్నా" అని రెండుసార్లు పిలవగలిగింది.

ప్రతి లెక్క కిందా ఉండే చివరి గడి మిగిలింది: నీ జవాబు నమ్మేలా ఉందా?

"ఉంది," అని రాసింది మారిట్. "మా అమ్మకు మాత్రం చెప్పకండి సార్."