కిర్రుమనని బల్ల

"నేనెక్కి గెంతితే కిర్రుమనని బల్ల కావాలి, గ్లెన్," అన్నాడు మెర్విన్, టోస్టు మీద వెన్న అంచుల దాకా రాసి ఉందో లేదో తిప్పి చూసుకుంటూ.

గ్లెనిస్ అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. "ఎంతసేపు గెంతుతావ్?" అంది.

"పెళ్లికొడుకుని. తాగి బల్లెక్కుతాను. రెండో అంకం సగం దాని మీదే. బూట్లతో."

అంతే. ఎత్తెంత, వెడల్పెంత, ఎప్పటికి కావాలి, ఏమీ లేదు. అతను చొక్కా తొడుక్కుని, ఊళ్లో ఇళ్లమ్మే తన ఆఫీసుకి వెళ్లిపోయాడు. ఆమె ఇస్త్రీపెట్టె ఆపి, మనసులోనే బల్ల కాళ్లు కొలవడం మొదలుపెట్టింది.

టాస్మేనియా ఉత్తర తీరంలో, ఉల్లితోటలకీ సముద్రానికీ మధ్య ఉన్న చిన్న ఊరు అది. ఊరికొక హాలు, హాలుకొక నాటక సమాజం. పగలంతా ఆలుగడ్డలు తూచేవాళ్లూ పళ్లు పీకేవాళ్లూ సాయంత్రమయ్యేసరికి రాజులూ హంతకులూ అయిపోతారు. మెర్విన్ పాస్కో వాళ్లకు శాశ్వత కథానాయకుడు. కరపత్రంలో అతని పేరు రెండుసార్లు వస్తుంది. ఒకటి పాత్రధారుల్లో. రెండోది అడుగున: "రంగసామగ్రి: మెర్విన్ పాస్కో బృందం."

బృందం అంటే గ్లెనిస్.

ఆమె తండ్రి పడవలు బాగుచేసేవాడు. కొడుక్కి ఉలి ఇచ్చాడు, కూతురికి టార్చి ఇచ్చాడు. వెలుతురు కదపకుండా పట్టుకోమనేవాడు. టార్చి పట్టుకున్న మనిషి చూడకుండా ఎలా ఉంటుంది? చెక్కలో గాడి ఎంత లోతుండాలో, దాంట్లో దూరే నాలుక ఎంత బిగువుండాలో కదలకుండా చూసింది. అన్న ఆ పని వదిలేసి గనుల్లో లారీలు నడపడానికి పోయాడు. గ్లెనిస్ పెళ్లి చేసుకుంది. పెళ్లైన కొత్తలో వంటగది తలుపు బిగించుకుంటుంటే అత్తగారు ఎనిడ్ చూసి, "వీటిని చూస్తే మగాడి చేతులనుకుంటారు. చర్చికొచ్చేటప్పుడు గ్లోవ్స్ వేసుకో అమ్మాయ్," అంది. ఆ మాటలో కోపమేమీ లేదు, వాన పడేలా ఉంది గొడుగు తీసుకో అన్నట్టు అంది. అందుకే ఇన్నేళ్లయినా మరుపు రాలేదు.

ఇప్పుడామె కలప, సామాను అమ్మే కొట్లో కౌంటర్ దగ్గర పనిచేస్తోంది. వచ్చేవాళ్లు ఆమెను చూసి, ఆమె భుజం మీదుగా లోపలికి చూసి, "ఎవరైనా మగవాళ్లున్నారా? ఒక స్క్రూ సంగతి అడగాలి," అంటారు. ఆమె లోపలికెళ్లి ఎవరో ఒకర్ని పిలుస్తుంది. అతను వచ్చి, సంగతంతా విని, ఆమె వైపు తిరిగి, "ఏ స్క్రూ వాడాలి గ్లెనిస్?" అంటాడు. ఆమె చెప్తుంది. అతను అదే మాట కొనేవాడికి మళ్లీ చెప్తాడు. కొనేవాడు అతనికి థాంక్స్ చెప్పి వెళ్తాడు. ఈ తంతు రోజూ ఉన్నదే. కొన్నాళ్లు నవ్వుకునేది. ఇంటికొచ్చి చెబితే నవ్వడానికి రెండో మనిషి కావాలి కదా. మెర్విన్ డైలాగులు వల్లె వేసుకుంటూ ఉంటాడు, మధ్యలో మాట్లాడితే మొదటికొస్తుంది. అందుకని నవ్వుకోవడం కూడా మానేసింది.

సమాజానిది ఒక పద్ధతి ఉంది. కొత్త చెక్క కొనరు. పాత నాటకం సామాను విరగ్గొట్టి, ఆ చెక్కతోనే కొత్తది చేస్తారు. హాలు వెనక కొట్టంలో పేర్చిన పలకలను గ్లెనిస్ ఒక్కొక్కటీ గుర్తుపడుతుంది. ఈ ఓకు పలక ఒకప్పుడు రాజుగారి మంచం. తర్వాత కోర్టు బోను. నిరుడు తుపాన్లో మునిగిన పడవ. ఇన్నేళ్లుగా ఆమె చేసినవన్నీ ఈ గుట్టలోనే ఉన్నాయి, చేసిన రూపంలో ఒక్కటీ లేదు. వంట కూడా అంతే కదా, తినేశాక మిగలదు అని సర్దిచెప్పుకుంది చాలాకాలం. కానీ వంట అవతలివాళ్ల కడుపులోకైనా పోతుంది.

పలక చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. జల్లెడలా ఉంది. మేకు మీద మేకు దిగి, ఎక్కడ చూసినా చిల్లులే. ఇక దీన్ని మేకులతో బిగిస్తే నూట పది కిలోల మనిషి రెండు గెంతులకే కిందకొస్తాడు. ఆ దృశ్యం కళ్ల ముందు కదిలింది. కాసేపు హాయిగానే ఉంది. తర్వాత సిగ్గేసింది.

ఇంక దారి ఒకటే. మేకు లేకుండా, స్క్రూ లేకుండా, గాడీ నాలుకా కలిపి పడవ కట్టినట్టు బల్ల కట్టాలి.

పని గ్యారేజీలో ఒక మూల. మెర్విన్ కారు వచ్చేదాకా ఆ మూల ఆమెది. హారన్ వినబడగానే పలకలు గోడకు చేర్చి, రంపప్పొట్టు ఊడ్చి, పక్కకు నిలబడాలి. అతను కిటికీ దించి, "ఇంకా అవలేదా?" అంటాడు. ఒక సాయంత్రం ఆగి, గాడిలో వేలుపెట్టి చూసి, "ఇంత నగిషీ ఎవరు చూస్తారే? పైన గుడ్డ కప్పుతాం," అన్నాడు.

"కిర్రుమనకూడదన్నావు కదా."

"అన్నానా?" అంటూ ఇంట్లోకి వెళ్లిపోయాడు.

పలకలన్నీ కలిశాక కింద నడిమి అడ్డకర్రలో ఒకే ఒక చెక్క చీల దిగ్గొట్టింది. అది బిగిసిందంటే కాళ్లు, పలకలు అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అది ఊడితే అన్నీ వదిలేస్తాయి. పైనుంచి కనబడదు. బల్ల కింద దూరి, వెల్లకిలా పడుకుని చూస్తేనే తెలుస్తుంది. పెళ్లికొడుకులు బల్లల కింద పడుకోరు.

నాటకం ఆడినన్ని రోజులూ ఆమె పక్కతెర వెనక చీకట్లో నిలబడి ఆ బల్లనే వింది. అవును, వింది. మెర్విన్ ఎగిరి పైకెక్కేవాడు. బూట్లు టకటకలాడేవి. జనం ఈలలు వేసేవాళ్లు. బల్ల ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆమెకు వచ్చిన మెప్పు ఆ మౌనమొక్కటే. దాన్ని పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు. డైలాగులు అందించే రోండా ఉంది గానీ, ఆమె కళ్లు ఎప్పుడూ పుస్తకంలోనే. ఆఖరి ప్రదర్శన అయ్యాక మెర్విన్ చెమట తుడుచుకుంటూ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, చివర్లో, "మా ఆవిడని మర్చిపోతే ఇంటికి రానివ్వదు. ఆమె టీ లేకపోతే ఈ నాటకమే లేదు," అన్నాడు. హాలంతా నవ్వింది. చీకట్లో ఉంది కాబట్టి ఆమె నవ్వక్కర్లేకపోయింది.

మర్నాడు బాదుడు ఆదివారం. నాటకం ముగిసిన మర్నాడు అందరూ సుత్తులూ గడ్డపారలూ తెచ్చుకుని సామాను విరగ్గొట్టడం ఊరి ఆచారం. మొదటి దెబ్బ కథానాయకుడిది. బయట సాసేజీలు కాలుతుంటాయి. ఆడవాళ్లు తలా ఒక పళ్లెం నిండా తినడానికేదైనా తేవాలి. గ్లెనిస్ మసాలా కలిపిన గుడ్డు శాండ్‌విచ్‌లు తెచ్చి పెట్టి, గోడవారగా నిలబడింది. ప్రతిసారీ ఈ వేళకు గిన్నెలు కడిగే నెపంతో లోపలికి పోయేది. ఈసారి కాళ్లు కదల్లేదు.

మెర్విన్ సమ్మెట ఎత్తాడు. "పెళ్లయిపోయింది, ఇక కాపురం," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దెబ్బ పడింది.

సమ్మెట వెనక్కి ఎగిరొచ్చింది. మెర్విన్ మణికట్టు పట్టుకుని కూర్చుండిపోయాడు. బల్ల మీద ఒక సొట్ట పడింది, అంతే.

"ఏం మెర్వ్, దానికి నీకంటే బాగా పాత్ర వచ్చినట్టుంది," అన్నాడు ఎవరో.

ఇద్దరు గడ్డపార వేసి చూశారు. పార దూరే సందు దొరకలేదు. మేకు పీకుదామంటే మేకే కనబడలేదు. సమాజం కార్యదర్శి క్లైవ్ పళ్ల డాక్టరు. ఎంత పన్నైనా ఊడి తీరాల్సిందేనని అతని నమ్మకం. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, "లాభం లేదు, కరెంటు రంపం తెస్తాను. ముక్కలు కోసేద్దాం," అని కారు వైపు నడిచాడు.

ముక్కలు. ఊడదీస్తే చెక్క మిగులుతుంది. కోస్తే పొయ్యిలోకే. ఇన్నేళ్లలో ఆమె చేతులు దాచుకోకుండా చేసిన పని ఇదొక్కటే. ఇది కూడా పోతే తను ఈ ఊళ్లో ఉన్నట్టు గుర్తేముంది? కరపత్రంలో బృందం అన్న మాట తప్ప.

"రంపం పెట్టొద్దు క్లైవ్," అంది.

గట్టిగా అనలేదు. కానీ ఆమె గొంతు ఆ హాల్లో అంతకుముందు ఎవరూ పెద్దగా వినలేదు కాబట్టి అందరూ తిరిగి చూశారు.

మెర్విన్ మణికట్టు రుద్దుకుంటూ, "అయితే ఎక్కడ ఊడుతుందో చూపించు. పనైపోతుంది," అన్నాడు.

"చూపించను."

"మర్చిపోయావా?"

"లేదు. తెలుసు. చూపించను."

మెర్విన్ జనం వైపు తిరిగి నవ్వాడు. స్టేజీ మీద డైలాగు మర్చిపోయినప్పుడు నవ్వే నవ్వు అది. "మా ఆవిడకి ఆకలేస్తున్నట్టుంది. ఎవరైనా ఓ సాసేజీ ఇవ్వండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. క్లైవ్ గొంతు సవరించుకున్నాడు. "గ్లెనిస్, చెక్క సమాజానిది. వచ్చే నాటకంలో వంతెన కావాలి."

"అంత చెక్కా కొట్లోంచి కొత్తది తెచ్చిస్తాను. ఇది నేను తీసుకెళ్తాను. ఇక వంతెన అంటావా, బృందంలో మిగతావాళ్లని అడుగు."

"మిగతావాళ్లు ఎవరు?" అన్నాడు క్లైవ్ అమాయకంగా. అని, నెమ్మదిగా మెర్విన్ వైపు చూశాడు. మెర్విన్ తన సమ్మెట వైపు చూసుకున్నాడు.

సాసేజీలు అయిపోగానే అందరూ అలవాటు ప్రకారం బీరుకి పబ్బుకి బయల్దేరారు. మెర్విన్ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "నలుగురిలో నా పరువు తీశావు. సరేలే. ఊడ్చి తాళం వేసిరా," అన్నాడు.

ఆమె చీపురు ముట్టుకోలేదు. బల్ల కింద దూరి వెల్లకిలా పడుకుంది. చీల మీద చెక్కసుత్తితో అటు రెండు, ఇటు ఒకటి వేసింది. బల్ల అంతా ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు వదులైంది. బయటికి వచ్చేసరికి రోండా నిలబడి ఉంది, మర్చిపోయిన కళ్లద్దాల కోసం తిరిగొచ్చి.

"అంతేనా? ఆ ఒక్క పుల్లేనా?" అంది రోండా.

"ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తానే? వాళ్లు మర్చిపోయింది అందించీ అందించీ నా గొంతు పోయింది. ఇదొక్కటి అందించను." రోండా వంగి పలకకు అటు చివర పట్టుకుంది. "ఏంటలా చూస్తున్నావ్? ఎత్తు."

తండ్రి దగ్గరా, మొగుడి దగ్గరా, కొట్లోనూ ఎప్పుడూ రెండో కొస పట్టుకున్నది గ్లెనిసే. తనకోసం రెండో కొస ఇంకొకరు పట్టుకుంటే బరువెంత తగ్గుతుందో అప్పటిదాకా ఆమెకు తెలియదు. తెలిసేసరికి కళ్లు మసకబారాయి. రంపప్పొట్టు అనుకుంది. పొట్టేమీ లేదక్కడ.

పలకలు ఎక్కించిన తన వ్యాను గ్లెనిస్ ఇంటి ముందు ఆపి, రోండా గ్యారేజీ తలుపు ఎత్తబోయింది.

"అక్కడ కాదు," అంది గ్లెనిస్. ఆ మాట అనేదాకా ఎక్కడో ఆమెకూ తెలియదు.

వసారా చివరి గది ఒకప్పుడు కూతురిది. ఆ పిల్ల ఉద్యోగానికి మెల్‌బోర్న్ వెళ్లిన వారమే మెర్విన్ అందులో నిలువుటద్దం పెట్టించి, వేషాలు తగిలించి, తన డైలాగుల గది చేసుకున్నాడు. ఈ గది నాకు కావాలా అని గ్లెనిస్ అప్పుడు తనను తాను కూడా అడగలేదు. ఇప్పుడు రాజుల అంగీలూ పోలీసు టోపీలూ మడతపెట్టి గ్యారేజీలోకి మోసింది. అద్దం కూడా. గోడమీద అతని ఫొటోలు ఒక్కొక్కటీ దించి, గుడ్డ చుట్టి, పగలకుండా పెట్టెలో సర్దింది. తర్వాత ఇద్దరూ కలిసి గది మధ్యలో బల్ల నిలబెట్టారు. చీల ఆమె ఒక్కతే దిగ్గొట్టింది. రోండా వెళ్లిపోయింది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఈ నిశ్శబ్దం ఆమెకు కొత్త కాదు. ఇంట్లో మనిషి ఉన్నప్పుడు కూడా ఇదే ఉండేది. కాకపోతే అప్పుడు దాంట్లో ఎవరి పిలుపు కోసమో చెవి ఒగ్గి ఉండాల్సి వచ్చేది. బల్ల ముందు కూర్చుని అరచేతులు దాని మీద పెట్టింది. సమ్మెట సొట్ట వేలికి తగిలింది. చిత్రిక పడితే పోతుంది. వద్దులే అనుకుంది. ఈ బల్ల మీద ఏం చేస్తుందో ఇంకా తెలియదు. తెలియకపోవడం బాగుంది.

పొద్దు వాలుతుండగా మెర్విన్ వచ్చాడు. తన గది గుమ్మంలో ఆగిపోయాడు.

"నా సామానేది?"

"గ్యారేజీలో. అన్నీ జాగ్రత్తగా ఉన్నాయి."

"ఇదెప్పుడు బయటికి తీస్తావ్?"

"తియ్యను."

అతను బల్లను చూశాడు, తలుపును చూశాడు. ఇళ్లమ్మేవాడు కదా, కొలతలు చూపుతోనే తెలుస్తాయి. తలుపు కంటే బల్ల మూరెడు వెడల్పు, ఒరగబెట్టినా కాళ్లు అడ్డుపడతాయి. కింద ఎక్కడో ఒక రహస్యముందని తెలుసు, దాని కోసం తను నేలమీద వెల్లకిలా పడుకోడనీ తెలుసు.

"నాకు చోటెక్కడుంది మరి?" అన్నాడు. ఆ గొంతులో మొదటిసారి నటన లేదు.

ఆమెకు జాలి వేసింది. జాలి వేసినా లేవలేదు. "వంటగదిలోంచి కుర్చీ తెచ్చుకుంటే కూర్చోవచ్చు మెర్వ్. కానీ తలుపు వేసి వెళ్లు. వచ్చేటప్పుడు తట్టి రా."

అతను తలుపు వేసుకుని వెళ్లాడు. అడుగుల చప్పుడు వంటగది దాకా వెళ్లింది. చాలాసేపటి వరకు ఏమీ వినబడలేదు. తర్వాత కుర్చీ నేలమీద ఈడ్చిన చప్పుడు వసారా వెంట దగ్గరగా వచ్చి, తలుపు అవతల ఆగింది.

తలుపు తట్టిన చప్పుడు.

గ్లెనిస్ తలెత్తి తలుపు వైపు చూసింది. రమ్మనాలా వద్దా అని, తొందరపడకుండా ఆలోచించడం మొదలుపెట్టింది.