శాలువా కింద కండువా

మా మరమగ్గాల సంఘం అధ్యక్షుడు కోదండం ఎవరి దగ్గరికి అర్జీ పట్టుకుని పోయినా ముందు ఒక శాలువా కొంటాడు. తహశీల్దారుకైనా శాలువానే, కరెంటాఫీసు ఇంజనీరుకైనా శాలువానే. ఇదేం జబ్బో నాకు అర్థం కాదు. ఈసారి ఎమ్మెల్యే కాబట్టి పనిగట్టుకుని తిరుపతి పోయి జరీ శాలువా తెచ్చాడు.

"మనమే నేసేవాళ్లం గదన్నా. మన మగ్గం మీది పంచె ఒకటి కప్పితే సాలదా?" అని అడిగాను.

"నీకు తెలీదు రంగమ్మా. పంచె ఇస్తే బీదతనం. శాలువా అయితేనే మర్యాద," అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకుని నేను బాగుపడింది ఎప్పుడూ లేదు.

అసలు సంగతి చెబుతాను. పుత్తూరు అవతల మా ఊళ్లో, మా వీధిలో, ప్రతి ఇంటి ముందు గదిలోనూ మగ్గాలే. వెనక వంటిల్లు. నాకు నాలుగు మగ్గాలున్నాయి. మూడేళ్ల కిందట మా ఆయన మునస్వామికి పక్షవాతం వచ్చి ఎడమవైపంతా పడిపోయింది. ఆయన మంచం మగ్గాల గదిలోనే వేశాను. ఆ చప్పుడు లేకపోతే ఆ మనిషికి నిద్ర పట్టదు. కళ్లు మూసుకునే "మూడోదాంట్లో పోగు తెగినాది, సూడు" అంటాడు. పోయి చూస్తే తెగే ఉంటుంది. ఆయన చెవులు, నా చేతులు. మా సంసారం అలా నడుస్తోంది.

అలాంటి ఇంటికి మున్సిపాలిటీ నోటీసు వచ్చింది. వీధి చివర అపార్ట్‌మెంట్ల వాళ్లకు మగ్గాల చప్పుడుకు నిద్ర పట్టడం లేదట. ఇళ్లలోని మగ్గాలన్నీ ముప్పై రోజుల్లో బైపాస్ అవతలి షెడ్లకు మార్చాలట. మార్చకపోతే కరెంటు తీసేస్తారు. షెడ్లు ఇంటికి ఆరు కిలోమీటర్లు. నేను మగ్గాల దగ్గరుంటే ఆయన నోట్లో ఇంత గంజి పోసేదెవరు? ఆయన దగ్గరుంటే మగ్గాలు నడిపేదెవరు? ఈ ప్రశ్న మున్సిపాలిటీలో అడిగితే "ఎమ్మెల్యేను అడగండి" అన్నారు.

అడగడానికే ఇరవై ఆరో రోజున మా వీధిలోని పన్నెండు ఇళ్ల వాళ్లం ఎమ్మెల్యే ఆఫీసుకు పోయాం. మునస్వామిని పక్కింటి భారతమ్మ కోడలికి అప్పజెప్పి వచ్చాను. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే మధ్యాహ్నం రెండయింది. రెండింటికి ఎమ్మెల్యే వచ్చాడు. మెడలో పార్టీ కండువా, వెనక వీడియో తీసే మనిషి.

కోదండం శాలువా విప్పి కండువా మీదుగా కప్పాడు. ఫొటో తీశారు. సరిగా రాలేదని ఇంకోసారి కప్పించారు. ఎమ్మెల్యే కెమెరా వైపు తిరిగి, "మన నేతన్నలు వాళ్ల చేత్తో నేసిన శాలువా ఇది. ఇంతకంటే గౌరవం ఏముండాది నాకు," అన్నాడు.

ఆయన పీఏ ఢిల్లీబాబు శాలువా అంచు సర్దుతూ ఆగాడు. "సార్, దీని మీద సూరత్ అని ఉండాది," అన్నాడు.

గదిలో నవ్వులు. ఎమ్మెల్యే అందరికంటే గట్టిగా నవ్వాడు. "ఏమప్పా కోదండం, మీ సరుకు మీరే కొనకపోతే ఇంకెవురు కొంటారు? ఇంక మగ్గాలు ఈడుంటే ఏమి, ఆడుంటే ఏమి?" అన్నాడు. కోదండం కూడా నవ్వాడు. మా అర్జీ అప్పటికే ఢిల్లీబాబు చంకలోకి పోయింది, ఎమ్మెల్యే లేవబోతున్నాడు. మాకు మిగిలింది నాలుగు రోజులు.

"సార్, శాలువా సూరత్‌దే. తప్పు మాదే," అన్నాను లేచి నిలబడి. "దాని కింద మీ మెడలో ఉండేది మాత్రం మా వీధిది. ఆ అంచు మేం నేసిందే."

ఆయన చెయ్యి కండువా మీదికి పోయింది.

"మొన్న ఎలక్షన్లలో నలభై దినాలు రేయీ పగలూ మా మగ్గాలు ఆడినాయి. బిన్నా కానీ, తొందరగా కానీ అని మీ మనుషులే మా గడపల్లో నిలబడినారు. ఆ అపార్ట్‌మెంటోళ్లు అప్పుడూ ఆడనే ఉండారు. అప్పుడు ఎవురికీ సెడని నిద్ర ఇప్పుడెట్ల సెడిపోతా ఉండాది?"

కోదండం నా కొంగు లాగాడు. విదిలించుకున్నాను. వీడియో మనిషి ఇంకా తీస్తూనే ఉన్నాడు. ఎమ్మెల్యే వాడివంక ఒక చూపు చూసి, "సరేమ్మా, సూస్తాం," అని లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

గేటు దాకా కోదండం నన్ను తిడుతూనే వచ్చాడు. పని చెడగొట్టానట, మర్యాద తీశానట. ఇంతలో ఢిల్లీబాబు వెనక నుంచి పరుగున వచ్చాడు. లోపల మమ్మల్ని గడ్డిపోచల్లా చూసినవాడు ఇప్పుడు నన్ను అక్కా అన్నాడు.

"అక్కా, సార్ ఫోన్ చేసి చెప్పినాడు. మీ నోటీసు రెండు నెలలు ఆపుతారు. వచ్చే నెల మున్సిపల్ ఎలక్షన్లు గదా, ముప్పై వేల కండువాలు కావల్ల. మీ వీధిలోనే నెయ్యండి."

"నేసినాక?" అన్నాను.

"నేసినాక సూద్దాం లే."

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో, మా వీధికే వచ్చి కూర్చుంటుందని అనుకోలేదు. కోదండం మాత్రం రెండు చేతులూ ఎత్తి ఢిల్లీబాబుకు దండం పెట్టాడు. బస్సులో ఊరు చేరేదాకా నూలు వ్యాపారితో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు. చేతిలో ఇంకో శాలువా ఉంటే ఢిల్లీబాబుకూ కప్పేవాడే.

నాలుగో రోజుకల్లా రంగు నూలు వచ్చేసింది. ఆరో రోజు పొద్దున వీధంతా కండువాలే. నేను కూడా నా నాలుగు మగ్గాలూ వేశాను. రెండు నెలలైతే రెండు నెలలు, ఈయన పక్కనే ఉండొచ్చు గదా అనుకున్నాను.

గంట గడిచాక మునస్వామి కళ్లు తెరిచాడు. "చప్పుడు వేరేగా ఉండాది. ఏం నేస్తా ఉండావు?"

జరిగిందంతా చెప్పాను. అంతవరకూ ఆయనకు నోటీసు ఆగిందని మాత్రమే చెప్పి ఉన్నాను. ఆయన నిదానంగా అన్నాడు.

"అంటే, మనం ఎంత బిన్నా నేస్తే అంత బిన్నా మగ్గాలు పీకేస్తారన్నమాట."

చేతిలోని నూలు కండె పక్కన పెట్టేశాను. ఎమ్మెల్యే ఆఫీసు దాకా పోయొచ్చిన నాకు తట్టని మాట, మంచం మీద పడున్న మనిషికి తట్టింది. నా మీద నాకే అసహ్యం వేసింది. పోయి నాలుగు మగ్గాల స్విచ్చులూ ఆపేశాను.

"నాలుగూ ఒకేసారి ఆగినాయే. కరెంటు పోయినాదా?"

"పోలేదు. నేనే ఆపినాను. నోటీసు రద్దు చేసినట్టు కాగితం చేతికొస్తేనే మళ్లీ వేసేది."

ఆయన కాసేపు చెవులు రిక్కించాడు. "భారతమ్మోళ్లవి ఆడతా ఉండాయి."

చెప్పులేసుకుని బయలుదేరాను. భారతమ్మకు ఒక్క మాట చెబితే చాలింది. ఎదురింట్లో అరగంట అరవాల్సొచ్చింది. ఒక ఇంట్లో తలుపేశారు, తెరిచేదాకా గడపలో కూర్చున్నాను. మర్యాద గురించి ఎవరో మొదలుపెట్టారు. సూరత్ శాలువా గుర్తుచేశాక ఆ మాట మళ్లీ రాలేదు.

పన్నెండున్నరకు గంజి పోయడానికి ఇంటికొచ్చేసరికి ఆయన మేలుకునే ఉన్నాడు. చప్పుడు లేక నిద్ర పట్టలేదు.

"పదకొండు ఇండ్లు ఆగినాయి," అన్నాడు. "కోదండందొకటే మిగిలినాది."

"ముందు నువ్వు గంజి తాగు," అన్నాను. "ఆడికే పోతా ఉండా."