ఇంటికి ఒక్క నంబరు

సెల్‌ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేటలో బియ్యం చెరుగుతూ, అనసూర్య పన్నెండో శాస్త్రవేత్తను పట్టింది. పట్టడమనే అనాలి. చదువుకున్నవాళ్ళు కొర్రమీనుల్లాంటివాళ్ళు, చేతికి తగిలినట్టే తగిలి జారిపోతారు. ఒకాయనకు బీపీ ఉంది. ఇంకొకాయనకు బీపీ ఉన్న భార్య ఉంది. మూడో ఆయన "దేశం కోసం ప్రాణమిస్తా మేడం, కానీ మంగళవారం కుదరదు" అన్నాడు. బాటనీ చెప్పే రమ మాత్రం అడగ్గానే, "వస్తనక్కా, ఇంట్ల కూసుంటే మా అత్త నన్నే మిషన్ జేస్తున్నది" అంది.

"ఏందే, రోగాన్ని ఎల్లగొట్టేటందుకు పిలుస్తున్నవా, బతుకమ్మ ఆడేటందుకు పిలుస్తున్నవా?" అన్నాడు ఆమె భర్త జైపాల్, మొదటి షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి, మంచం మీద కాళ్ళు చాపుకుని. గోదావరిఖనిలో భూగర్భ గనిలో పద్దెనిమిదేళ్ళ సర్వీసు అతనిది. అతని తల్లి లింగవ్వ గోడకు ఆనుకుని వెల్లుల్లి ఒలుస్తూ, "ఆడేటిదైతే జర నన్ను గూడ పిలువు బిడ్డా. గది మాత్రం నాకొచ్చు" అంది. అనసూర్యకు నవ్వొచ్చింది, ఫోన్ జారి బియ్యంలో పడింది. పదమూడో శాస్త్రవేత్త బియ్యంలోంచే "హలో, హలో" అన్నాడు.

అది కరోనా రెండో వేవు నడుస్తున్న మే నెల. గనిలోకి దించే ఇనుప లిఫ్టు, కేజ్‌లో మనుషులు భుజానికి భుజం ఆనించి దిగాల్సిందే, దానికి ఆరడుగుల దూరం సంగతి తెలియదు. శాంపిళ్ళు ఎక్కడో దూరం పోయి, ఆరో రోజుకు ఫలితం వచ్చేది. అప్పటికి కొందరికి ఆ ఫలితంతో పని ఉండేది కాదు. అనసూర్య పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద పాఠాలు చెప్తున్న యూనివర్సిటీ పీజీ సెంటర్‌లో ఆ పరీక్ష చేయగల పీసీఆర్ మిషన్ ఒకటి ఉంది. ప్లాస్టిక్ కవర్ కప్పుకుని కూర్చుని, దసరాకు బొట్టు పెట్టించుకోవడమే దాని ఉద్యోగం. దాన్ని నడపగలిగేవాళ్ళు, గొట్టంతో చుక్క కొలిచి పోయగలిగేవాళ్ళు, తాళాలు పడ్డ కాలేజీల నుంచి వచ్చి ఈ చుట్టుపక్కలే ఇళ్ళలో ఉన్నారు. మరి ఎందుకు ఊరుకోవాలి? జిల్లా వైద్యాధికారి దగ్గరికి మూడుసార్లు తిరిగి అనుమతి తెచ్చింది. కిట్లు వాళ్ళే ఇస్తామన్నారు. మనుషులను ఆమె తెచ్చుకుంది, పద్నాలుగు మందిని.

మొదటి మీటింగులో సెంటర్ హెడ్ కిషన్ సారు లేచాడు. చెడ్డమనిషి కాదు. గొడుగులాంటివాడు, కాకపోతే ఎండలో విప్పుకుని వానలో ముడుచుకునే రకం గొడుగు. కాగితం తీసి చదివాడు. కోఆర్డినేటర్, డాక్టర్ కిషన్. ఫలితాల విభాగం, డాక్టర్ కిషన్. చివరి వరుసలో, "అనసూర్య మేడం, టీ, భోజనాలు, ఇతరములు."

ఆ ఇతరములలో ఏమేమి ఉన్నాయో అనసూర్యకు మర్నాటి నుంచి తెలిసింది. గ్లోవ్స్ వెతకడం ఇతరములు. అందరికీ గొట్టం పట్టడం నేర్పడం ఇతరములు. అలిగిన ఫిజిక్స్ లెక్చరర్‌ను బుజ్జగించడం ఇతరములు. ఇంట్లోనూ అంతే కదా అనుకుంది. జైపాల్ డ్యూటీకి పోతాడు, అది పని. ఐదింటికి లేచి అతని టిఫిన్ డబ్బా కట్టడం, బొగ్గు మరకల బట్టలు మూడు నీళ్ళు మార్చి ఉతకడం, అత్త మోకాళ్ళకు నూనె రాయడం, ఆపైన కాలేజీకి పోయి అరవై మందికి పాఠం చెప్పి రావడం, ఇవన్నీ ఇతరములు. "నీకేందే, నీడకు కూసుండి చెప్పుడే గదా" అంటాడు జైపాల్. ప్రేమగానే అంటాడు, అక్కడే వచ్చింది చిక్కు. కోపంగా అంటే ఎదురు చెప్పొచ్చు. ప్రేమగా అన్న మాటకు ఎదురు చెప్తే మనమే గయ్యాళులమవుతాం.

అయినా జైపాల్ మాటల్లోంచే ఆమె ఒక మంచి సంగతి ఏరుకుంది. గనిలో కొన్ని జాగాల్లో, తన బదులు మనిషి వచ్చి ఎదురుగా నిలబడేదాకా డ్యూటీలో ఉన్నవాడు కదలకూడదు. శాస్త్రవేత్తలకూ అదే పెట్టింది. రెండు షిఫ్టులు. బదులు మనిషి వచ్చి గౌను తొడిగేదాకా కుర్చీ దిగొద్దు. ఒక రిటైర్డ్ ప్రొఫెసర్, "నేను లెక్చర్‌కు కూడా టైముకు పోలేదమ్మా జీవితంలో" అని గొణిగి, ఐదు నిమిషాలు ముందే వచ్చాడు.

ఒక్కచోట మాత్రం ఆమె నోరు మూసుకుంది. శాంపిల్ గొట్టాల మీద ఏం రాయాలన్న మాట వచ్చినప్పుడు, "మనిషికో కొత్త నంబరు వేద్దాం సార్" అంది. కిషన్ సారు చెయ్యి ఊపాడు. "కొత్త లొల్లి ఎందుకు మేడం? ఈడ ఒక్కో పేరు గలోళ్ళు ఇరవై మందుంటరు. కార్మికునికి కంపెనీ ఇచ్చిన నంబరే రాద్దాం. దవాఖాన కార్డు మీద ఇల్లందరికీ అదే నంబరుంటది." అందరూ తలలూపారు. ఆ ఊళ్ళో పుట్టిన ఎవరికైనా అది సబబుగానే తోస్తుంది. అనసూర్యకు లోపల ఏదో గుచ్చుకుంది. కానీ అప్పటికే టీ చల్లారిపోతోంది, టీ ఆమె విభాగం.

నాలుగో రోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జైపాల్ హుషారుగా ఉన్నాడు.

"మనింటికి నెగిటివ్ వచ్చింది. మెసేజ్ సూడు."

"ఇంటికి వచ్చుడేంది? ఎవలకు?"

"ఇంటికే. మొన్న మీ మనుషులు కాలనీల క్యాంపు పెడితే నేను, అవ్వ ఇద్దరం పోయి ఇచ్చినం. నా నంబరు మీద నెగిటివ్ అని వచ్చింది."

"ఇద్దరిస్తే రెండు మెసేజులు రావాలె గదా?"

"నంబరొక్కటే గదనే. రెండెట్ల వస్తయి?"

గోడకు ఆనుకుని ఉన్న లింగవ్వ దగ్గింది. "జలుబే బిడ్డా. ఫికరు జెయ్యకు. మనకు లేదన్నరు గదా" అంది. ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి తీసుకుంటోంది. అనసూర్య సంచిలోంచి ఆక్సీమీటరు తీసి ఆమె వేలికి పెట్టింది. ఎనభై ఏడు. వేలు మార్చి పెట్టింది. ఎనభై ఆరు.

ఆటోలో ముసలామె కోడలి భుజం మీద తల వాల్చి, మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచింది. "మరి నాకెందుకు రాలేదే మెసేజు? నేను గూడ ముక్కుల పుల్ల పెట్టించుకుంటి గదా" అంది. నిష్ఠూరం కాదు, నిజంగానే అడుగుతోంది. జవాబు అనసూర్య దగ్గర ఉంది. నిన్న రెండో షిఫ్టులో తానే మిషన్ ముందు కూర్చుంది. ఒక గీత నిటారుగా పైకి లేస్తుంటే, "పాజిటివ్, గట్టిదే" అని చదివి రాయించింది. ఆ గీత ఏ నంబరుదో కూడా చూడలేదు. తన మొగుడి నంబరని చూసి ఉన్నా, అత్తదని కాక ఆయనదే అనుకునేది.

అత్తను ఆక్సిజన్ మంచం మీద పడుకోబెట్టి, జైపాల్‌ను గేటు దగ్గర కూర్చోబెట్టి, అట్నుంచే సెంటర్‌కు పోయింది. లిస్టులో ఒకే నంబరు రెండుసార్లు వచ్చిన చోటల్లా రెండో వరుస కొట్టేసి ఉంది. "పొరపాటున రెండుసార్లు ఎక్కిందనుకున్నం మేడం. కిషన్ సారే తీసెయ్యమన్నరు" అంది ఫలితాలు టైపు చేసే రీసెర్చ్ స్కాలర్ అల్మాస్, మొహం పాలిపోయి. ముప్పై ఏడు నంబర్లు. క్యాంపులో ముందు కార్మికుడు నిలబడ్డాడు, వెనక ఇంటావిడో తల్లో నిలబడింది. కొట్టేసిన ముప్పై ఏడు వరుసల్లో పద్నాలుగు పాజిటివ్.

ఆ ముప్పై ఏడు ఇళ్ళకూ ఫోన్లు కలిపారు, అనసూర్య, అల్మాస్, రమ. అన్ని ఫోన్లూ మగవాళ్ళవే. ప్రతిసారీ "ఇంట్ల ఆమెకియ్యి అన్నా" అనాల్సివచ్చింది.

"ఎవలమ్మా మాట్లాడేది?"

"మూడువేల నూటపన్నెండు, రాయమల్లు భార్యను."

"గది ఆయన నంబరు. నీ పేరేంది?"

"పూలమ్మ" అంది అవతలి గొంతు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. "ఏమైందక్కా? మాకు లేదన్నరు గదా? ఇయ్యాల పొద్దుగాలనే పది మందికి వండిన."

రాత్రి తొమ్మిదయ్యేసరికి అందరికీ చెప్పడం అయింది. పాజిటివ్ ఇళ్ళకు ముందు, తెల్లారి ఆరింటికే, మళ్ళీ శాంపిళ్ళు తీయడానికి వ్యాను కూడా ఒప్పించారు. అప్పుడొచ్చాడు కిషన్ సారు. విషయం విని కుర్చీలో కూలబడ్డాడు. లేచి రెండుసార్లు తలుపు దాకా పోయి వచ్చాడు. "ఇది బయటికి పోతే మొత్తం బందయితది. చప్పుడు జెయ్యకుండ సరిజేద్దాం" అన్నాడు.

"వైద్యాధికారికి చెప్పిన సార్. తప్పు ఎట్లయిందో రాసియ్యమన్నడు, కింద ఇన్‌ఛార్జి సంతకంతోని."

సారు కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత గొంతు మెత్తబడింది. "మనుషులను కూడగట్టింది నువ్వే గదమ్మా. షిఫ్టులు నడిపింది నువ్వే. నిజానికి ఇన్‌ఛార్జివి నువ్వే. నీ పేరు రాస్తెనే న్యాయంగ ఉంటది."

అల్మాస్ పళ్ళు కొరికింది. అనసూర్యకు మాత్రం విచిత్రంగా కోపం రాలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి తన పేరు కోసం ఒకరు కాగితం మీద ఖాళీ ఉంచారు. అది నేరం ఒప్పుకునే కాగితమే కానీ. అప్పుడే జైపాల్ ఫోన్ చేశాడు. "అవ్వకు జర నయం. తొంభై రెండుకు ఎక్కింది. నువ్వు ఇంటికి రాయే, నాకేం తోస్తలేదు. ఇంట్ల అన్నం గూడ లేదు."

"బియ్యం డబ్బాల ఉన్నయి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. అవ్వకు జావ కాసి తీస్కపో. నేను రేపటి మొదటి షిఫ్టు దాకా రాను."

"మరి నాకు రాదు గదనే."

"నేర్పుతున్న గదా. సైంటిస్టులకే నేర్పిన, నీకు నేర్పలేనా?"

ఫోన్ పెట్టేసి కాగితం ముందుకు లాక్కుంది. ఏం జరిగిందో, ఎవరెవరి ఫలితాలు పోయాయో, మనిషికో నంబరు వేయమని చెప్పి కూడా పట్టుబట్టకపోవడం తన తప్పేనని, ఆ మాట ఎవరు కాదన్నారో, వరుసలు ఎవరు కొట్టేయమన్నారో కూడా దాచకుండా రాసింది. కొత్త లిస్టు జతచేసింది. ముప్పై ఏడు పేర్లు, లింగవ్వతో మొదలు. అడుగున సంతకం చేసి, కింద విడి అక్షరాల్లో తన పేరు రాసి, పక్కన ఇన్‌ఛార్జి అని రాసింది.

కిషన్ సారు హమ్మయ్య అన్నట్టు కాగితం అందుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"రాసిన సార్. ఇగ దీన్ని మళ్ళ కొట్టెయ్యొద్దు. పొద్దుగాల ఆరింటికి క్యాంపు. గొట్టాల మీద పేర్లు రాసే డ్యూటీ మీది."