పిండి ఎవరికి పొంగింది

తెల్లారకముందే హెస్టర్ మెట్‌కాఫ్ పొయ్యి రాజేసి, ఓక్ చెక్క తొట్టిలో చేతులు మోచేతులదాకా దింపి రొట్టె పిండి పిసకడం మొదలుపెట్టేది. కిటికీ అవతల యార్క్‌షైర్ కొండల మీద గొర్రెలు ఇంకా మంచులో నానుతుండేవి. ఆ పని అయ్యేదాకా ఆవిడ ఎవరు పలకరించినా పలికేది కాదు.

ఆ తొట్టి సంగతి ఊరందరికీ తెలిసిందే. ఆస్క్‌రో హాలనే దొరల బంగళాలో పిండి ఆ ఇంటి లేడీ చేతికే పొంగుతుంది. ఇంకెవరు ముట్టుకున్నా చలనం లేకుండా పడుంటుంది. పడమటి గాలికి వానొస్తుందని ఎలా చెప్పుకుంటారో, దీన్నీ అలాగే చెప్పుకునేవారు. దొర తల్లి, పెద్ద లేడీ, పోయాక ఆ తొట్టి ఎవరి మాటా వినలేదు. ఆంబ్రోస్ దొర ఎండు బిస్కెట్లు నములుతూ కూర్చున్నాడు. చివరికి వంటమనిషి హెస్టర్ చెయ్యి పెడితే పిండి అంచుదాకా పొంగి, పైన కప్పిన గుడ్డని ఎత్తేసింది. ఆ వారమే మాంసం కొట్టువాడు ఆవిణ్ణి చూసి, లేడీకి తీసినట్టు టోపీ తీశాడు.

"ఇందులో వింతేముందమ్మా!" అన్నాడు పాస్టర్ థ్వైట్‌గారు, వేడి రొట్టె మీద వెన్న దట్టంగా పూసుకుంటూ. "లేడీ అంటే మొదట్లో రొట్టె పిండి పిసికే మనిషనే అర్థం. లార్డ్ అంటే ఆ రొట్టెకి కాపలా కాసేవాడు. పట్టుబట్టలూ గుర్రబ్బళ్ళూ తర్వాత వచ్చిపడ్డవే."

"ఇంకో ముక్క కావాలంటే కావాలని అడగొచ్చుగా, ఈ పురాణమంతా ఎందుకూ?" అంది హెస్టర్. కానీ ఆయన చెప్పిన అర్థం ఆవిడ మనసులో ఉండిపోయింది.

దొర రోజూ మొదటి రొట్టె అంచు కోసం వంటింట్లోకే వచ్చేవాడు. రానురాను తిన్నాక కూడా వెళ్ళేవాడు కాదు. "ఈసారి లామస్ పంటల పండక్కి కొత్త గోధుమల రొట్టె నువ్వే చర్చికి పట్టుకెళ్ళాలి హెస్టర్, నా పక్కన నడుస్తూ" అన్నాడు ఒక పొద్దున. దొర పక్కన ఆ రొట్టె మోసేది దొర పెళ్ళామే. ఊళ్ళో పసివాణ్ణడిగినా చెబుతాడు. పిచ్చిది, నమ్మింది. ఆదివారాలకని దాచుకున్న నీలం గౌనుకి కొత్త లేసు కుట్టుకుంది.

గడ్డి కోతలప్పుడు హారోగేట్ వెళ్ళిన దొర, మిల్లు యజమాని విధవ, బోలెడు డబ్బున్న లెటీషియాని పెళ్ళాడి తీసుకొచ్చాడు. వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇంటికప్పు కారుతోంది హెస్టర్. నువ్వూ చూస్తున్నావుగా."

"చూడకేం? కింద బకెట్లు పెట్టేది నేనేగా, దొరగారూ."

అందరూ కొత్తావిణ్ణి లేడీ అన్నారు. హెస్టర్ మాత్రం అమ్మగారూ అంది. లేడీ అన్న ఆ ఒక్క మాటా తన నోట రానివ్వనని పంతం పట్టింది. తొట్టి ఉంది, పండగ వస్తోంది, అదే తేలుస్తుందిలే అనుకుంది.

లామస్ ముందురోజు సాయంత్రం ఊరి ఆడవాళ్ళంతా ఆనవాయితీ ప్రకారం పిండి కలపడం చూడ్డానికి వంటింట్లో చేరారు. బట్టలుతికే నెల్ హెస్టర్ని మోచేత్తో పొడిచింది. "ఆవిడగారు పిసకనీ. ఆ పిండి లేస్తే నా పేరు మార్చుకుంటా. రేపు ఏ మొహంతో చర్చికెళ్తాడో మీ దొర!"

లెటీషియా తొట్టిలోకి తొంగిచూసి ముక్కు చిట్లించింది. "ఇందులో చేతులు పెట్టాలా? రామ్మా హెస్టర్, నువ్వే కానియ్యి."

హెస్టర్ గుండె ఎగిరి గంతేసింది. నలుగురి ముందూ తన చేతికే పొంగితే ఇంకేం కావాలి! కడుపులో ఉన్న కసంతా చేతుల్లోకి తెచ్చుకుని పిసికింది. జుట్టు ఊడి మొహాన పడింది, చెమట కళ్ళల్లోకి కారింది. గుడ్డ కప్పి, పొయ్యి పక్కన పెట్టి, అందరూ టీలు తాగుతూ కూర్చున్నారు. టీ కెటిల్ ఖాళీ అయింది. గుడ్డ కదల్లేదు. హెస్టర్ గుడ్డ తీసి మళ్ళీ పిసికింది. పిండి తడిమట్టిలా పడుంది.

"అయిందా? నాకు అవతల చుట్టాలున్నారు" అంటూ లెటీషియా లేచింది. పోతూ పోతూ, చేతి తొడుగైనా తియ్యకుండా, ఒక్క వేలితో పిండిని అలా నొక్కింది.

పిండి నిట్టూర్చింది. పొంగింది. అంచు దాటి బల్ల మీదికి కారింది.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే మోకాలు వంచి దణ్ణం పెట్టారు. నెల్ హెస్టర్ వైపు చూడకుండా, తనూ వంగింది.

మర్నాడు రొట్టె లెటీషియా చేతుల్లో, దొర పక్కన చర్చికి వెళ్ళింది. తిరిగొచ్చి వంటింటి బల్ల దగ్గర కూలబడ్డ పాస్టరుగారికి హెస్టర్ ముక్క కోసిచ్చింది.

"మీరు చెప్పిన అర్థం అబద్ధమా?"

"అబద్ధం కాదమ్మా, పాతది. లేడీ అన్న మాట పిండి చేతులు కడుక్కుని మేడెక్కి చాలా కాలమైంది. నీకు ఆ సంగతి కూడా అప్పుడే చెప్పాల్సింది." ఆయన వెన్న అడగలేదు.

ఆ మర్నాటి నుంచి హెస్టర్ తెల్లారకముందే లేచి పిసికేది. పొద్దెక్కాక లెటీషియా దిగొచ్చి, ఒక వేలు ఆనించి వెళ్ళేది. చలికాలపు వానలు వచ్చేసరికి ఆవిడకి మెట్లు దిగడం కూడా బద్ధకమై, పైనుంచే గంట కొట్టింది. గంట మోతకే పిండి పొంగింది.

"హెస్టర్! పొంగిందా?"

కొత్తగా వేసిన ఇంటికప్పు మీద వాన ధారగా పడుతోంది, కింద బకెట్ల అవసరం లేదు. హెస్టర్ గోళ్ళలో పిండి గీరుకుంటూ మెట్ల దగ్గరికెళ్ళి నిలబడింది. మోకాలు వంచింది.

"పొంగింది, లేడీ."