ఇంట్ల ఎవరున్నరు?

డాక్టర్ అనంతయ్య నోట క్యాన్సర్ అనే మాట ఎవరూ వినలేదు. తాండూరులో లేడీ డాక్టరు గడ్డలోకి సూది దించి తీసిన ముక్క, స్లైడు మీదికెక్కి వికారాబాద్‌లో ఆయన మైక్రోస్కోపు కిందికి వచ్చేది. బాగుంటే "పొమ్మను" అనేవాడు. బాగా లేకపోతే "ఇంట్ల ఎవరున్నరు?" అని అడిగేవాడు. అమ్మో, ఆ అడగడం! అడిగించుకున్న ఇంట్లో ఏడాది తిరక్కుండానే ఏడుపులు లేచేవి.

పదేళ్లుగా ఆ స్లైడ్లకు రంగు పట్టిస్తున్నది యోబు. ఎందరి సంగతో విన్నాడు, అన్నం తిన్నాడు, పడుకున్నాడు. 1963 ఎండాకాలంలో మాత్రం ఒక స్లైడు మీద "చంద్రవ్వ, బషీరాబాద్" అని రాసిన రోజు అన్నం ముట్టలేదు. చంద్రవ్వా లేదు, బషీరాబాదూ లేదు. ఆ ముక్క అతని భార్య సంతోషమ్మది.

దొంగపేరు ఎందుకంటారా? నిరుడు ఆస్పత్రి వాచ్‌మన్ మొగులప్ప తల్లి స్లైడు చూసి, మనవాడే కదా అని మొహమాటపడి "ఏం గాదు పో" అనేశాడు డాక్టరు. పాపం, మొగులప్ప నమ్మాడు. ఆపరేషన్‌కు వేళ దాటిపోయి ఉగాదికల్లా ఆమె పోయింది. యోబుకు అట్లాంటి దయ అక్కర్లేదు. నిజం తెలిస్తే రేపటి రైలుకే సంతోషమ్మను హైదరాబాద్ తీసుకుపోతాడు.

"నొస్తున్నదంటనా?" డాక్టరు స్లైడు పెడుతూ అడిగాడు.

"లేదంట సాబ్. జరంత గూడ నొస్తలేదంట."

సంతోషమ్మ ఇంట్లో ఆ మాట నవ్వుతూ చెప్పింది. మొగుడికి ధైర్యం చెబుతున్నాననుకుంది, పిచ్చిది. నొప్పి లేని గడ్డకే ఈ గదిలో ఎక్కువ భయపడతారని ఆమెకేం తెలుసు!

డాక్టరు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ వంగాడు. ప్రభువా, పొమ్మను అనిపించు, ఒక్కసారి పొమ్మను అనిపించు, అని యోబు లోలోపల మొత్తుకున్నాడు.

డాక్టరు తల ఎత్తలేదు.

"గీ చంద్రవ్వకు ఇంట్ల ఎవరున్నరు యోబూ?"

యోబు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"నేనున్న సాబ్," అన్నాడు.