తెర వెనక సీటు

తాను నడిపే బండిని తయారుచేసిన జపాను కంపెనీ కార్లకంటే ముందు మగ్గాలు చేసేదని విన్నప్పటి నుంచి చౌడప్పకు ఆ బండి మీద ఎక్కడలేని నమ్మకం. జమ్మలమడుగులో అతనిదీ మగ్గాల ఇల్లే మరి. అలాంటి బండ్లే కొన్న ప్రొద్దుటూరు షావుకార్లు వాటి సీట్లు నడుములు విరగ్గొడుతున్నాయని సణిగితే, వాళ్ళ మీదకు తగాదాకు పోయేవాడు.

పన్నెండేళ్ళుగా అతను ఓబన్నకు డ్రైవరు. ఆ ఫ్యాక్షన్ నాయకుడి బండిలో డ్రైవరుకూ వెనక సీటుకూ మధ్య నల్ల తెర ఉండేది. బండి కదిలాక తెర తీయకూడదు, పలకరించకూడదు. అది ఓబన్న పెట్టిన కట్టడి.

ఎన్నికల ముందు ఒక ఉదయం పులివెందుల మీటింగుకు ప్రయాణం. వెనక తలుపు పడిన చప్పుడు విని చౌడప్ప బండి తీశాడు. వేముల దాటాక కల్వర్టు దగ్గర బాంబులు పడ్డాయి. అద్దం పగిలి నుదురు చీరుకుపోయినా, అన్న ప్రాణం తన చేతుల్లో ఉందనుకుని, ఎక్కడా ఆపకుండా పులివెందుల చేరాడు. అప్పుడు తెర తీశాడు.

సీటు మీద ఓబన్న కండువా ఒక్కటే ఉంది.

మనిషి ముద్దనూరు దారిన వేరే బండిలో ముందే వచ్చి, పార్టీ ఆఫీసులో కాఫీ తాగుతున్నాడు.

"వాళ్ళు ఆడ కాచుకోనుండారని నిన్ననే తెలిసెప్పా. చెప్తే నువ్వు జంకుతావని చెప్పలేదు," అన్నాడు నవ్వుతూ. "శానా గట్టి బండి. నువ్వు చెప్తాంటివే, నిజమే!"

చౌడప్ప నెత్తురంటిన తాళాలను కాఫీ గ్లాసు పక్కన పడేశాడు.

"బండిని నమ్మి నేను చెడిపోలేదన్నా."