సంచి ఖాళీగా ఉంటే

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు డ్యూటీ డాక్టరు ఏడో నంబరు మంచం మీది పేషెంటు పొత్తికడుపు మీద చెయ్యి వేశాడు. చెయ్యి తియ్యకుండానే సిస్టర్ని కేకేశాడు. పొత్తికడుపు బొడ్డు దాకా ఉబ్బి ఉంది. మంచం పక్క కొక్కేనికి వేలాడుతున్న యూరిన్ బ్యాగులో చుక్క లేదు.

మూత్రానికి వేసిన పాత గొట్టం తీసి కొత్తది వేశారు. పదకొండు వందల మిల్లీలీటర్లు వచ్చింది. పాత గొట్టం చివర తెల్లటి మడ్డి పేరుకుని రంధ్రం మూసుకుపోయింది. ఆ గొట్టం వేసి పందొమ్మిది రోజులైంది. మూడున్నరకు పేషెంటుకు వణుకు మొదలైంది. నాలుగు గంటలకు జ్వరం నూట మూడు.

మంచం కాళ్ళ వైపు తగిలించిన చార్టులో ఆ రోజు మూడు గళ్ళు నిండి ఉన్నాయి. ఎనిమిది గంటలు: ఖాళీ. పది గంటలు: ఖాళీ. పన్నెండున్నర: ఖాళీ. మూడూ ఆయా రాసినవే. మూడింటి పక్కనా టిక్కు పెట్టింది. ఆ వార్డులో టిక్కు అంటే బాగుందని అర్థం.

పేషెంటు ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్‌కి ఆయన వంతు రాలేదు. మంచం దిగలేడు గనక చేరిన రోజే గొట్టం వేశారు. వార్డంతా ఆయన్ని డ్రైవర్ గారనేది. ఆయన ఆయాని కండక్టరమ్మా అని పిలిచేవాడు.

ఆ రోజు పది గంటలప్పుడు ఆయా ఏడో నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆయన మంచం ఊచ పట్టుకుని ఉన్నాడు.

"కండక్టరమ్మా, నా ట్యాంకు నిండింది తల్లీ."

ఆయా వంగి చూసింది. "ఎక్కడండీ డ్రైవర్ గారూ! చుక్క లేదు."

"నిండిందంటుంటే! నా బండి సంగతి నాకు తెలీదా?"

"నిండితే ఇందులో కనపడాలి కదా మరి."

"మీటరు చచ్చిందేమో చూడు. ముల్లు సున్నా మీదుంటే ట్యాంకు ఖాళీ అని ఏ వెర్రివాడు చెప్పాడు నీకు? అలా నమ్మిన బళ్ళెన్నో చూశాను నేను."

ఎనిమిదో నంబరు మంచం మీంచి చెయ్యి విరిగిన మేస్త్రీ అందుకున్నాడు. "డ్రైవర్ గారు ఇంకా బండి దిగలేదు. ఎవరన్నా విజిల్ వెయ్యండయ్యా."

నాలుగు మంచాలు నవ్వాయి. ఆయా నవ్వింది. డ్రైవర్ కూడా నవ్వబోయి, మధ్యలో ఆపి మళ్ళీ ఊచ పట్టుకున్నాడు.

ఆయన భార్య స్టూలు మీంచి లేచింది. "పొద్దుట్నుంచీ ఇలాగే మెలికలు తిరిగిపోతున్నారమ్మా. ఓసారి సిస్టర్ గారి చెవిన వేస్తావా?"

"వెయ్యడానికేముందమ్మా. సంచి ఖాళీగా ఉంటే పేషెంటు క్షేమం. నిండితేనే ప్రమాదం. మొన్న ట్రైనింగ్ పెట్టి మరీ చెప్పారు మాకు."

"అంతేనంటావా?"

"అంతే. మీరు కాస్త నడుం వాల్చండి."

భార్య గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆయా పది గంటల గడిలో ఖాళీ అని రాసి టిక్కు పెట్టి ఎనిమిదో నంబరుకి వెళ్ళింది.

డ్రైవర్ గురువారం ఉదయం ఆరూ నలభైకి చనిపోయాడు. కాగితంలో రాసిన కారణం రక్తంలో ఇన్ఫెక్షన్.

ట్రైనింగ్ జరిగింది అంతకు నలభై రోజుల ముందు. మూత్రాశయం, కాథెటర్ సంరక్షణపై సిబ్బందికి రెండు గంటల శిక్షణ అని నోటీసు బోర్డులో పెట్టారు. కాథెటర్ అంటే ఆ గొట్టమే. చెప్పడానికి బయటినుంచి వచ్చినాయన గంటంబావు ఆలస్యంగా వచ్చాడు. ఆయనకి సాయంత్రం లోపు ఇంకో ఆస్పత్రి ఉంది. మీటింగ్ హాల్లో పాతిక కుర్చీలున్నాయి. పాతికమంది సిస్టర్లు కూర్చున్నారు. పదిహేడు మంది ఆయాలు వెనక గోడ వారన నిలబడ్డారు. తెర మీద బొమ్మలు వేస్తూ ఆయన ఇంగ్లీషులో మాట్లాడాడు. మాట్లాడింది పదకొండు నిమిషాలు. తర్వాత ఫోటో కోసం అధికారులు తెర ముందు వరసగా నిలబడ్డారు. ఆయన బ్యాగు సర్దుకుంటూ హెడ్ సిస్టర్‌తో, "వీళ్ళకి మీ భాషలో మీరు చెప్పెయ్యండి," అన్నాడు.

ఒంట్లో మూత్రం నిలవుండే తిత్తికి హెడ్ సిస్టర్ చదువుకున్న పుస్తకంలో ఉన్న మాట మూత్రాశయం. ఆయాలకి అంత మాట ఎక్కదనుకుంది. తేలిక మాట వెతికింది. "అందరూ వినండి. సంచి ఖాళీగా ఉంటే పేషెంటు క్షేమం. సంచి నిండితే ప్రమాదం. గుర్తుంటుందా?"

"ఉంటుంది సిస్టర్," అన్నారు ఆయాలు.

"ఏమన్నా అనుమానాలున్నాయా?"

ఎవరికీ లేవు. ఆ ఆస్పత్రిలో సంచి అంటే మంచానికి వేలాడేది. సంచి ఒంపు, సంచి మార్చు, సంచి నేలకి తగలనివ్వకు అని వాళ్ళకి రోజూ చెప్పేది హెడ్ సిస్టరే.

నలభై రెండు సంతకాలయ్యాయి. బయటికి వస్తుంటే ఆయా తోడికోడలు అంది: "పన్నెండేళ్ళుగా చేస్తున్న పనికి పదకొండు నిమిషాల చదువు. రేపట్నుంచి మనల్ని మేడమ్ అని పిలవాలి." తోడికోడలు కింది అంతస్తులో ఆయా. ఇద్దరూ ఒకే కాంట్రాక్టరు కింద ఉన్నారు. ఆయాకి ఈ పని ఇప్పించింది ఆవిడే.

ట్రైనింగ్‌కి ముందు, సంచి రెండు మూడు గంటలు ఖాళీగా కనిపిస్తే ఆయా వెళ్ళి సిస్టర్‌కి చెప్పేది. ఎందుకు చెప్పాలో ఎవరూ నేర్పలేదు. ఏదో తేడాగా తోచి చెప్పేది. ట్రైనింగ్ అయ్యాక చెప్పడం మానేసింది.

గురువారం పదిన్నరకి డ్రైవర్ భార్య సామాను తీసుకోవడానికి వార్డుకి వచ్చింది. ఒక దుప్పటి, ఒక ఫ్లాస్కు, కళ్ళజోడు. ఆయా అవన్నీ కవర్లో పెట్టి ఇచ్చింది.

"ఖాళీగా ఉంటే మంచిదన్నావు కదమ్మా," అంది భార్య. నిలదీసినట్టు అనలేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

"అన్నానమ్మా."

"మరి పొట్టలో అంత ఉందటగా?"

భార్య కవరు పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆయా హెడ్ సిస్టర్ గదికి వెళ్ళింది. హెడ్ సిస్టర్ మందుల చిట్టీలు లెక్క చూస్తోంది.

"సిస్టర్, ట్రైనింగులో మీరు చెప్పింది ఏ సంచి?"

హెడ్ సిస్టర్ తలెత్తింది. "ఏ సంచేంటి?"

"ఖాళీగా ఉంటే క్షేమం అన్నారే, ఆ సంచి. మంచానిదా, మనిషిదా?"

"లోపలిదే. మూత్రం నిలవుండేది. ఎవరికైనా తెలుస్తుంది ఆ మాత్రం."

"మాకు తెలియలేదు సిస్టర్. మంచానిదే అనుకున్నాం."

"తెర మీద బొమ్మ వేశారుగా!"

"మీరు చెప్పేటప్పుడు బొమ్మ ముందు సార్లు నిలబడ్డారు, ఫోటోకి."

హెడ్ సిస్టర్ చిట్టీలు కట్టగా పేర్చింది. మళ్ళీ విడదీసింది. "నేను తప్పు చెప్పానంటావా ఇప్పుడు?"

"అనట్లేదు. ఏ సంచో ఇప్పుడన్నా అందరికీ చెప్పండి. మొత్తం పదిహేడు మందిమి ఉన్నాం."

"ఇప్పుడు పిలిచి చెబితే ఏమవుతుందో తెలుసా? అప్పుడు తప్పు చెప్పానని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఎంక్వయిరీ అవనీ. చూద్దాం."

"ఈలోపు ఎవరికన్నా..."

"పనిలోకి వెళ్ళు ఆయమ్మా."

ఆ సాయంత్రం డ్యూటీ దిగి బస్టాపులో నిలబడ్డప్పుడు ఆయా సంగతంతా తోడికోడలికి చెప్పింది. తోడికోడలు చూసే వార్డులో గొట్టం వేసినవాళ్ళు ముగ్గురున్నారు.

"మధ్య గదిలో ముసలమ్మది మొన్న పొద్దున్నంతా ఖాళీగానే ఉంది," అంది ఆవిడ. "నేనూ క్షేమం అనే చెప్పాను. మధ్యాహ్నానికి దానంతటదే వచ్చింది. నా అదృష్టం."

"ఆవిడ అదృష్టం అక్కా."

"సరే, ఆవిడదే. ఇప్పుడు మనకి తెలిసిందిగా. చూసుకుందాం."

"మిగతా పదిహేను మందికీ?"

"వాళ్ళకి నువ్వు చెప్పు. ఎవరొద్దన్నారు?"

"మధ్యాహ్నం ముగ్గురికి చెప్పాను. హెడ్ సిస్టర్ చెప్పిందొకటి, నువ్వు చెప్పేదొకటి, నీ మాట విని ఉద్యోగం పోగొట్టుకోమంటావా అన్నారు. ఆ మనిషి నీ చేతిలో పోయాడు కదా, నువ్వా మాకు చెప్పేది అంది ఒకత్తి."

బస్సు వచ్చింది. తోడికోడలు ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. "చూడు. ఎల్లుండి ఎంక్వయిరీలో కాగితం ఇస్తారు. కళ్ళు మూసుకుని సంతకం పెట్టెయ్. పెడితే చెయ్యేం అరిగిపోదు. వారం రోజులు కూర్చోబెడతారు, వేరే వార్డుకి మారుస్తారు, అంతే. పెట్టలేదనుకో, కాంట్రాక్టరు నీ ఒక్కదాని పేరు చూడడు, ఇంటిపేరు చూస్తాడు."

శనివారం పదకొండు గంటలకు ఎంక్వయిరీ మొదలైంది. ఆఫీసు గదిలో బల్లకి అటు ఎంక్వయిరీ ఆఫీసరు, ఆయన పక్కన హెడ్ సిస్టరు, ఇటు ఆయా. డ్యూటీ డాక్టరు రాలేదు. ఆయన రాసిచ్చిన కాగితం బల్ల మీదుంది. పందొమ్మిది రోజులు గొట్టం మార్చకపోవడం గురించి ఎవరూ అడగలేదు.

ఆఫీసరు టైపు చేసిన కాగితం ఆయా వైపు తిప్పాడు. "నీకు చదవడం వచ్చటగా? చదువుకుని సంతకం పెట్టు."

ఆయా ఏడో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి పైకి చదివింది. "మూత్రాశయ సంరక్షణపై నాకు స్పష్టమైన శిక్షణ ఇవ్వబడినది. ఆ సూచనలను పాటించకుండా నేను నిర్లక్ష్యం వహించితిని." అక్కడ ఆగింది. "ఇందులో సంచి లేదేంటండీ?"

"మూత్రాశయం అంటే అదే కదమ్మా."

"ఏది?"

ఆఫీసరు హెడ్ సిస్టర్ వైపు చూశాడు. హెడ్ సిస్టర్ కాగితం వైపు చూసింది.

"నాకీ మాట చెప్పలేదండీ," అంది ఆయా. "మాకు సంచి అని చెప్పారు. ఖాళీగా ఉంటే క్షేమం అన్నారు. మాకు తెలిసిన సంచి మంచానికుంటుంది. అది ఖాళీగా ఉంది. నేను క్షేమం అనుకున్నాను."

"మీరు సంచి అన్నారా?" అని ఆఫీసరు హెడ్ సిస్టర్ని అడిగాడు.

"నేను తెర మీద ఉన్నదే చెప్పాను సార్."

"చూడమ్మా," అన్నాడు ఆఫీసరు. ఆయన గొంతు పెంచలేదు. "పది రోజులు డ్యూటీ ఉండదు. తర్వాత బట్టలుతికే సెక్షన్‌కి వేస్తాం. నీ మీద ఇంకేం రాదు. నీకు మంచిదనే చెబుతున్నాను. మీ అక్క కూడా ఇక్కడే కదూ?"

"అవునండీ."

"మరి పెట్టు."

ఆయా పెన్ను అందుకోలేదు. "నేను చేసింది కూడా రాయండి. మూడుసార్లు ఖాళీ అని రాశాను. టిక్కు పెట్టాను. డ్రైవర్ గారు నిండిందని చెబితే నవ్వాను. వాళ్ళావిడ సిస్టర్‌కి చెప్పమంటే అక్కర్లేదన్నాను. ఇవన్నీ రాయండి, ఒప్పుకుంటాను. సంచి అని చెప్పారని కూడా రాయండి. ఏ సంచో చెప్పలేదని రాయండి. అప్పుడు పెడతాను."

"అలా రాస్తే ట్రైనింగ్ అయినట్టు కాదు కదమ్మా."

"కాలేదండీ."

ఆఫీసరు టైము చూసుకున్నాడు. "చివరిసారి అడుగుతున్నాను. పెడతావా, పెట్టవా?"

"పెట్టనండీ."

పదకొండూ ఇరవై అయిదుకి ఆయా గదిలోంచి బయటికి వచ్చింది. కారిడార్‌లో తోడికోడలు నిలబడి ఉంది. ఆయా మొహం చూసింది. కింది అంతస్తుకి వెళ్ళిపోయింది.

ఎంక్వయిరీ నివేదిక సోమవారం తయారైంది. పేజీన్నర. శిక్షణ పొందిన సిబ్బంది నలభై రెండు మంది అని మొదటి పేరాలోనే ఉంది. సంచి అన్న మాట ఎక్కడా లేదు. ఆయాలకి మళ్ళీ ట్రైనింగ్ పెట్టాలన్న సిఫారసు లేదు. ఆయా సంతకం పెట్టాల్సిన చోట "నిరాకరించినది" అని ఆఫీసరు చేతిరాతతో రాసి ఉంది.

బుధవారం ఉదయం ఏడు గంటలకు కొత్త డ్యూటీ చార్టు గోడకి అంటించారు. తోడికోడళ్ళిద్దరి పేర్లూ అందులో లేవు.